పెళ్లి లెక్కంతా ఒక్క ఫైలులో
• నోటి మాటలు కాగితం మీదికి వస్తే తగ్గనున్న అప్పులు
• వధువు చేతిలోనే దస్త్రం ఉంటే మేలు
• కానుకల జాబితాకు చట్టంలోనూ చోటు

కరీంనగర్: ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు అన్నారు పెద్దలు. ఇల్లు కట్టేవారి వద్ద ప్లాను కాగితమైనా ఉంటుంది. ఎన్ని బస్తాల సిమెంటు వచ్చింది, మేస్త్రీకి ఎంత ముట్టింది అన్న లెక్క ఏదో ఒక పుస్తకంలో కనిపిస్తుంది. పెళ్లి చేసేవారికి చాలా ఇళ్లలో ఆ పాటి కాగితమూ ఉండదు. ఫంక్షన్‌ హాలుకు ఇచ్చిన అడ్వాన్సు తండ్రికి గుర్తుంటుంది. బంగారం బిల్లు తల్లి బీరువాలో ఉంటుంది. టెంట్‌హౌస్‌తో మాట్లాడింది మేనమామ, బ్యాండు వారిని కుదిర్చింది అన్న. పురోహితుడు చెప్పిన సామగ్రి చిట్టీ ఎవరి జేబులో ఉందో ఎవరికీ తెలియదు. ఎవరి పెళ్లి జరుగుతోందో ఆ అమ్మాయికి మాత్రం ఖర్చు ఎంతయిందో, అప్పు ఎక్కడ తెచ్చారో అన్నీ ముగిశాక గాని తెలియదు.

ఈ అయోమయానికి విరుగుడు పెద్ద ఖర్చుతో కూడినది కాదు. ఒక రింగు ఫైలు, కొన్ని గీతల కాగితాలు, రోజుకు పది నిమిషాల సమయం చాలు. నిశ్చయ తాంబూలాల నాటి నుంచి పెళ్లి నమోదు పత్రం చేతికి వచ్చే వరకు ప్రతి మాటా, ప్రతి రూపాయీ అందులోకి చేరితే పెళ్లి పనులు సాఫీగా సాగుతాయి. అంతకు మించి, పెళ్లయిన తరువాత ఎన్నేళ్లకైనా పనికివచ్చే ఆధారాలు మిగులుతాయి.

పాత అలవాటే.. కొత్త రూపం

పెళ్లికి పుస్తకం పెట్టడం తెలుగువారికి కొత్త కాదు. విందు వేళ పందిరిలో ఒక మూలన కూర్చుని ఎవరు ఎంత చదివించారో రాసే చదివింపుల పుస్తకం ఇప్పటికీ పల్లెల్లో కనిపిస్తుంది. బంధువుల ఇంట శుభకార్యం వచ్చినప్పుడు పెద్దలు ఆ పుస్తకం తిరగేసి, నాడు వారు పెట్టిన దానికి తగ్గకుండా తిరిగి పెడతారు. పుచ్చుకున్నది మరిచిపోకూడదన్న మర్యాద ఆ పుస్తకానికి మూలం. అదే పద్ధతిని పెళ్లికి ముందు జరిగే పనులకూ, ఖర్చుకూ, పత్రాలకూ విస్తరింపజేస్తే పెళ్లి దస్త్రం తయారవుతుంది.

ఫైలు తయారీ ఇలా

స్టేషనరీ దుకాణాల్లో దొరికే రెండు అంగుళాల మందం గల రింగు ఫైలు దీనికి సరిపోతుంది. కుట్టిన నోటు పుస్తకం కన్నా ఇదే మేలు. కాగితాలు కావలసినప్పుడు తీయవచ్చు, కొత్తవి మధ్యలో చేర్చవచ్చు. రసీదులు, విజిటింగు కార్డులు, చీర రంగు సరిచూసుకోవడానికి కత్తిరించిన గుడ్డ ముక్కలు దాచేందుకు పారదర్శక ప్లాస్టిక్‌ కవర్లు 20 వరకు తీసుకోవాలి. రంగు అట్ట ముక్కలతో ఎనిమిది భాగాలు చేయాలి. అవి: తేదీలు, ఖర్చు, అతిథులు, ఒప్పందాలు, ఆచారాలు, బంగారం, కానుకలు, పత్రాలు.

మొదటి పేజీలో ఫోన్‌ నంబర్లు ఉండాలి. పురోహితుడు, హాలు మేనేజరు, వంట మాస్టరు, టెంట్‌హౌస్‌, పూలవారు, ఫొటోగ్రాఫరు, బస్సు డ్రైవరు, వియ్యాల వారి తరఫున మాట్లాడే ఒక పెద్ద మనిషి.. ఇలా అందరివీ ఒకేచోట రాయాలి. సెల్‌ఫోన్‌లోనే అన్నీ ఉన్నాయి కదా అనుకోవచ్చు. పెళ్లినాడు ఆ ఫోను చార్జింగు అయిపోయినా, పెళ్లికూతురి గదిలో ఉండిపోయినా పందిరిలో ఉన్నవారికి దారి ఉండదు. రాసిన ప్రతి పేజీని వారానికోసారి ఫొటో తీసి ఫోనులో దాచుకుంటే అటు కాగితం, ఇటు ఫోను రెండూ అక్కరకు వస్తాయి.

రాసేది ఒక్కరే

నలుగురు రాస్తే లెక్క నాలుగు రకాలుగా ఉంటుంది. ఫైలు ఒకరి చేతిలోనే ఉండాలి. ఆ ఒకరు పెళ్లికూతురు లేదా పెళ్లికొడుకు అయితే ఎంతో ప్రయోజనం. పెళ్లి వారిది, తరువాత ఆ అప్పు భారం పడే ఇల్లూ వారిదే. ‘ఆడపిల్లకు ఈ లెక్కలు ఎందుకు’ అని పక్కన పెట్టిన ఇళ్లలో తండ్రి ఎంతకు తెగించాడో కూతురికి తెలియదు. తెలిసి ఉంటే ‘నాన్నా, ఈ మండపం అలంకరణ వద్దు’ అని ఆమే చెప్పి ఉండేది. కలం చేతికి ఇవ్వడమంటే ఆ మాట చెప్పే అవకాశం ఇవ్వడమే.

తల్లిదండ్రులు, అన్నదమ్ములు ఎవరు ఏ పని మీద వెళ్లినా, ఇంటికి రాగానే చెల్లించిన మొత్తం, మాట్లాడిన మాట, రసీదు ఆమెకు అప్పగించాలి. ఈ ఒక్క నియమం ఇంట్లో అందరూ ఒప్పుకుంటే ఫైలు సగం పూర్తయినట్టే.

ముహూర్తం నుంచి వెనక్కి లెక్క

ఆషాఢం, భాద్రపదం, పుష్యం శూన్యమాసాలు. గురు, శుక్ర మూఢాల్లోనూ పెళ్లిళ్లు చేయరు. మిగిలిన నెలల్లో మంచి ముహూర్తాలున్న రోజులు కొన్నే కావడంతో ఒకే తేదీకి ఊళ్లోని హాళ్లన్నీ నిండిపోతాయి. లగ్నపత్రిక రాసుకున్న రోజునే తేదీల పేజీని మొదలుపెట్టాలి. ముహూర్తం తేదీని పేజీ అడుగున రాసి, అక్కడి నుంచి పైకి పనులు పేర్చుకుంటూ రావాలి.

ఆరు నెలల ముందు: హాలు, వంట, ఫొటోల వారి ఖరారు. వయసు, కులం, ఆదాయ ధ్రువపత్రాల పరిశీలన.
మూడు నెలల ముందు: బంగారం, పెళ్లి బట్టల కొనుగోలు. అతిథుల జాబితా మొదటి ప్రతి.
నెలన్నర ముందు: శుభలేఖల ముద్రణ. దూరపు ఊళ్ల పిలుపులు.
నెల ముందు: రవికల కుట్టు, బస్సులు, బ్యాండు, పూలు, మంటపం అలంకరణ.
పది రోజుల ముందు: పూజా సామగ్రి, ఐరేని కుండల పురమాయింపు, దగ్గరి బంధువుల పిలుపులు.
మూడు రోజుల ముందు: చెల్లింపుల కవర్లు, పెళ్లి రోజు కాగితం.

వ్యవధి తక్కువ ఉన్న పెళ్లిళ్లలో ఇదే క్రమాన్ని కుదించుకోవాలి. గల్ఫ్‌ దేశాల నుంచి నెల రోజుల సెలవు మీద వచ్చే వరుడి విషయంలో పత్రాల పనిని అందరికన్నా ముందు పెట్టాలి. పెళ్లయిన తరువాత నమోదు చేయించుకోవడానికి అతడు ఊళ్లో ఉండేది కొద్ది రోజులే.

ఖర్చుకు నాలుగు గడులు

ఖర్చు పేజీలో ప్రతి పద్దుకు ఎదురుగా నాలుగు గడులు గీయాలి. అనుకున్నది, కుదిరినది, ఇచ్చినది, బాకీ. హాలుకు లక్ష అనుకుని లక్షా పాతిక వేలకు కుదిరితే, ఆ పాతిక వేలు ఎక్కడ తగ్గించాలో ఆ సాయంత్రమే తేల్చాలి. చివరి వరకు వాయిదా వేస్తే తగ్గించేందుకు ఏమీ మిగలదు. మొత్తం అంచనాలో పదో వంతు ‘అనుకోని ఖర్చు’ పేరిట విడిగా రాయాలి. అది లేని లెక్క నిలబడదు.

విందు ఖర్చు అతిథుల సంఖ్యను బట్టి మారుతుంది. ఉదాహరణకు విస్తరికి 250 రూపాయల చొప్పున 500 మందికి 1,25,000 రూపాయలవుతుంది. ‘ఇంకో వంద మందే కదా’ అంటే మరో 25,000 చేరుతుంది. బగారా అన్నం, మాంసం కూరలతో దావత్‌ పెట్టేవారికి విస్తరి ధర ఇంకా పెరుగుతుంది. అందుకే వంట మాట్లాడక ముందే అతిథుల జాబితా రాయాలి.

అప్పు చేస్తే దానికి ప్రత్యేకంగా ఒక పేజీ కేటాయించాలి. ఎవరి వద్ద, ఎంత, ఏ తేదీన, ఎంత వడ్డీకి, ఎవరు సాక్షి, ఏ కాగితం మీద సంతకం చేశారు అన్నవి రాయాలి. ‘రెండు రూపాయల వడ్డీ’ అన్న మాట చెవికి తేలికగా వినిపిస్తుంది. నూటికి నెలకు రెండు రూపాయలంటే ఏడాదికి 24 శాతం. 3 లక్షల రూపాయలు తెస్తే నెలకు 6,000, ఏడాదికి 72,000 వడ్డీయే కట్టాలి. అసలు తీర్చకుండా మూడేళ్లు గడిస్తే వడ్డీ ఒక్కటే 2,16,000 రూపాయలు. చిట్టీ ముందుగా పాడుకున్నా అంతే. తగ్గించి పాడిన మొత్తాన్నీ, ఇంకా కట్టాల్సిన నెలలనూ రాసి చూసుకోవాలి. ఈ అంకెలు కాగితం మీద కనిపించిన ఇంట్లో డీజే, బరాత్‌ ఖర్చుల గురించి మాటలు వేరుగా సాగుతాయి.

పిలుపులు మరవకుండా

పెళ్లిలో మిగిలిపోయే మనస్పర్థల్లో చాలా వరకు ‘మమ్మల్ని పిలవలేదు’ అన్న దాని నుంచి పుట్టినవే. అతిథుల జాబితాను మనుషుల వారీగా కాక ఊరు, ఇంటి పేరు వారీగా రాయాలి. ప్రతి ఇంటికి ఎదురుగా శుభలేఖ ఇచ్చిన తేదీ, ఇచ్చినవారి పేరు, ఆ ఇంటి నుంచి వచ్చేవారి సంఖ్య, బస్సు అవసరమా కాదా అన్నది ఉండాలి. బొట్టు పెట్టి పిలవాల్సిన ఇళ్లకు ఒక గుర్తు, ఫోనులో చెబితే సరిపోయే ఇళ్లకు మరో గుర్తు పెట్టుకోవాలి. తండ్రి తరఫు, తల్లి తరఫు, ఇరుగుపొరుగు, ఉద్యోగ మిత్రులు అని నాలుగు జాబితాలు వేర్వేరుగా రాసి, ఆ తరువాత కలిపితే ఒకే ఇంటికి రెండు కార్డులు వెళ్లడం, ఒక ఇల్లు పూర్తిగా తప్పిపోవడం రెండూ ఉండవు. ఇంట్లో పాత చదివింపుల పుస్తకం ఉంటే దానితో సరిపోల్చుకోవాలి. మరిచిన పేర్లు అక్కడే దొరుకుతాయి.

నోటి మాట చాలదు

హాలు, వంట, టెంట్‌హౌస్‌, ఫొటోలు, బ్యాండు, పూలు, బస్సులు.. ఒక్కొక్కరికి ఒక్కో పేజీ తెరవాలి. కుదిరిన మొత్తం, ఇచ్చిన అడ్వాన్సు, మిగిలినది ఎప్పుడు ఇవ్వాలన్నది రాసి అవతలి వారితో సంతకం చేయించుకోవాలి. అడగడానికి మొహమాటపడాల్సిన పని లేదు. పెళ్లి ముగిసిన రాత్రి గొడవపడటం కన్నా ఇది ఎంతో మర్యాద.

హాలు విషయంలో తాళాలు ఏ గంటకు ఇస్తారు, ఏ గంటకు ఖాళీ చేయాలి, కరెంటు బిల్లు, జనరేటరు డీజిలు, గదులు, శుభ్రం చేసే కూలి అద్దెలో కలిసినవా విడిగానా అన్నది అడగాలి. తేదీ మారితే అడ్వాన్సు తిరిగి ఇస్తారా అన్నదీ రాయించుకోవాలి. వంట విషయంలో పద్ధతులు రెండు. విస్తరి లెక్కన మాట్లాడితే ఎన్ని విస్తళ్లకు హామీ ఇచ్చారు, అంతకు మించితే ధర ఎంత, లెక్క ఎవరు చూస్తారు అన్నవి ముఖ్యం. సరుకులు మనవి, వంట వారిది అయితే మాస్టరు ఇచ్చిన సరుకుల చిట్టీని ఫైలులో పెట్టి, తెచ్చిన ప్రతి సరుకుకూ ఎదురుగా టిక్కు పెట్టాలి. టెంట్‌హౌస్‌ నుంచి వచ్చిన కుర్చీలు, గుండిగలు, గంటెలు దించేటప్పుడే లెక్కపెట్టి రాయాలి. లేకపోతే తిరిగి ఇచ్చేనాడు పోయిన వాటికీ, అసలు రాని వాటికీ కలిపి కట్టాల్సి వస్తుంది. ఫొటోల వారితో ఆల్బం పేజీలు, వీడియో నిడివి, ఎన్నాళ్లకు ఇస్తారన్నది తేల్చుకోవాలి.

ఒకే వేడుకకు సంబంధించి ఒకరి నుంచి 2 లక్షల రూపాయలు లేదా అంతకు మించి నగదు తీసుకోవడాన్ని 2017 ఏప్రిల్‌ 1 నుంచి ఆదాయపు పన్ను చట్టం నిషేధించింది. విడతలుగా ఇచ్చినా ఈ నియమం వర్తిస్తుంది. పెద్ద మొత్తాలను బ్యాంకు ద్వారా చెల్లిస్తే రసీదు అడగకుండానే ఆధారం మిగులుతుంది.

అమ్మమ్మ మాట.. అక్షర రూపం

ఆచారాల భాగం రాయడానికి బజారుకు వెళ్లనక్కర లేదు. ఇంట్లో పెద్ద ముత్తయిదువ దగ్గర ఒక మధ్యాహ్నం కూర్చుంటే చాలు. వరపూజ, లగ్నపత్రిక, పసుపు దంచడం, పందిరి వేయడం, మైలపోలు, ఎదుర్కోళ్లు, గౌరీపూజ, జీలకర్ర బెల్లం, పుస్తె కట్టడం, తలంబ్రాలు, నాగవెల్లి, అప్పగింతలు, ఒడిబియ్యం.. క్రమం ఇంటింటికీ కొంత మారుతుంది. ఒక ఇంట ముందు జరిగేది మరో ఇంట తరువాత జరుగుతుంది. ప్రతి దానికీ ఏమేం కావాలి, ఎవరు తేవాలి, ఎవరి చేతుల మీదుగా జరగాలి అన్నది రాసుకోవాలి.

తెలంగాణ పెళ్లిళ్లలో ఐరేని కుండలకు ప్రత్యేక స్థానం. సున్నం, జాజు రంగులతో తీర్చిన ఈ కుండలను కుమ్మరి ఇంటి నుంచి మేళతాళాలతో తెస్తారు. ముందుగా చెప్పి ఉంచకపోతే చివరి రోజున దొరకడం కష్టం. ఇలాంటి పనులు శుభలేఖలో కనిపించవు, హాలు మేనేజరుకు తెలియవు. రాసుకోకపోతే అమ్మమ్మతోనే పోతాయి.

వియ్యాల వారి ఆచారం పక్క గడిలో రాయడం మరో మంచి పద్ధతి. రెండు పుస్తెల్లో ఒకటి పుట్టింటి వారిది, ఒకటి అత్తింటి వారిది అన్న ఆనవాయితీ చాలా ఇళ్లలో ఉంది. మట్టెలు ఎవరు తేవాలి, పెళ్లిపీటల మీద కట్టే చీర ఎవరిది, అడ్డుతెర పట్టేది ఎవరు అన్నవి ముందే మాట్లాడుకుంటే పీటల దగ్గర చిన్నబుచ్చుకోవడం ఉండదు. పురోహితుడిచ్చిన సామగ్రి జాబితాను కూడా ఇక్కడే ఉంచాలి. పసుపు, కుంకుమ, గంధం, తమలపాకులు, వక్కలు, ఖర్జూరాలు, బాసికాలు, కొబ్బరి బోండాలు, హోమానికి నెయ్యి, సమిధలు, పేలాలు.. కొన్నవి కొన్నట్టు కొట్టివేయాలి.

బంగారం బిల్లే భరోసా

తులం అంటే పాత లెక్కలో 11.66 గ్రాములు. ఇప్పుడు వ్యాపారంలో 10 గ్రాములుగా చెలామణి అవుతోంది. అందుకే ఫైలులో తులాల్లో కాక గ్రాముల్లో రాయాలి. ప్రతి నగకూ మొత్తం బరువు, రాళ్ల బరువు, బంగారం నికర బరువు విడివిడిగా ఉండాలి. రాళ్ల బరువును బంగారం ధరకు కొంటే నష్టం. తరుగు, మజూరీ ఎంత వేశారో బిల్లులో కనిపించాలి. నగల మీద 3 శాతం జీఎస్టీ ఉంటుంది. బిల్లు వద్దంటే పన్ను తగ్గుతుందన్న ఆశకు లోబడితే రేపు నగ మార్చుకునేటప్పుడూ, పోయినప్పుడూ చూపడానికి ఏమీ ఉండదు.

22 క్యారెట్ల నగ మీద 916 అంకె ఉంటుంది. 2023 ఏప్రిల్‌ 1 నుంచి హాల్‌మార్కు నగలపై ఆరు అక్షరాలు, అంకెలతో కూడిన గుర్తింపు సంఖ్య తప్పనిసరి అయింది. ఆ సంఖ్యను బీఐఎస్‌ కేర్‌ యాప్‌లో నమోదు చేస్తే నగ వివరాలు కనిపిస్తాయి. దుకాణంలోనే సరిచూసి, ఫైలులో నగ పేరు పక్కన రాయాలి. పాత బంగారం మార్చుకునేవారు కరిగించక ముందు బరువును, కరిగించిన తరువాత బరువును రాయించుకోవాలి. నగల ఫొటోలు తీసి బిల్లు వెనుక పెడితే ఆ పేజీ పూర్తవుతుంది.

కానుకల జాబితా.. చట్టం మాట

ఈ ఫైలులో అన్నిటికన్నా విలువైన భాగం ఇదే. అత్యధికులు రాయనిదీ ఇదే. 1961 నాటి వరకట్న నిషేధ చట్టం ప్రకారం కట్నం ఇవ్వడం, తీసుకోవడం రెండూ నేరమే. కనీసం ఐదేళ్ల జైలు, 15,000 రూపాయలు లేదా కట్నం విలువ.. ఏది ఎక్కువైతే దానికి తగ్గని జరిమానా విధించవచ్చు. అడగకుండా, సంప్రదాయంగా, ఇచ్చేవారి స్తోమతకు మించకుండా పెట్టిన కానుకలకు మాత్రం మినహాయింపు ఉంది. అయితే వాటికి జాబితా ఉండాలన్నది షరతు.

ఆ జాబితా ఎలా ఉండాలో 1985లో కేంద్ర ప్రభుత్వం తెచ్చిన నిబంధనలు చెబుతున్నాయి. వధువుకు వచ్చిన కానుకల జాబితాను వధువు, వరుడికి వచ్చిన వాటి జాబితాను వరుడు నిర్వహించాలి. పెళ్లి సమయంలో గాని, వీలైనంత త్వరగా ఆ తరువాత గాని తయారు చేయాలి. ప్రతి కానుకకూ క్లుప్తంగా వివరం, సుమారు విలువ, ఇచ్చినవారి పేరు, బంధువైతే బంధుత్వం రాయాలి. చివర వధూవరులిద్దరూ సంతకం చేయాలి. సంతకం రానివారికి చదివి వినిపించి వేలిముద్ర తీసుకోవచ్చు.

పెళ్లి సామాను కింద ఇచ్చే మంచం, బీరువా, వంటపాత్రలు, మేనమామ పెట్టిన గొలుసు, స్నేహితురాళ్లు ఇచ్చిన మిక్సీ.. అన్నీ ఇందులోకి వస్తాయి. స్త్రీధనం ఆమె సొంత ఆస్తి అనీ, అది భర్త లేదా అత్తింటి వారి చేతిలో ఉన్నంత మాత్రాన వారి సొంతం కాదనీ 1985లో ప్రతిభారాణి కేసులో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. హక్కు చట్టంలో ఉన్నా, ఏమేం ఇచ్చారో చూపాల్సి వచ్చిన రోజున కాగితం లేక తల్లిదండ్రులు తడబడతారు. ‘అంత మంది ముందు ఇచ్చాం కదా’ అన్న మాటకు ఏళ్లు గడిచే కొద్దీ సాక్షులు తగ్గిపోతారు. సంతకాలున్న జాబితా మాత్రం అలాగే ఉంటుంది.

పెళ్లి సంబరంలో సంతకాలు అడిగితే అపనమ్మకం అనుకుంటారేమోనన్న సంకోచం సహజం. ఇద్దరి జాబితాలపైనా ఇద్దరూ సంతకం చేసే పద్ధతి కాబట్టి ఇందులో ఒకరిని శంకించడమంటూ లేదు. చదివింపుల పుస్తకం ముగిసిన వెంటనే వధూవరులు కలిసి కూర్చుని రాసుకుంటే కొత్త సంసారంలో వారు కలిసి చేసిన తొలి లెక్క అదే అవుతుంది.

ఇక కట్నం కింద అవతలి వారు ఫలానా మొత్తం అడిగితే ఫైలులో దానికి గడి ఉండకూడదు. అడిగిన మాట కాగితం మీదికి రాకపోవడమే అడిగేవారికి బలం. ‘ఈ మొత్తం ఏ పద్దు కింద రాయాలి’ అన్న ప్రశ్న పెద్దల సమక్షంలో ఒక్కసారి వేస్తే సంబంధం ఎలాంటిదో పెళ్లికి ముందే తేలిపోతుంది.

పత్రాలకు ముందుచూపు

చివరి భాగం పత్రాలది. వధువుకు 18, వరుడికి 21 ఏళ్లు నిండాలని 2006 నాటి బాల్యవివాహాల నిషేధ చట్టం చెబుతోంది. పదో తరగతి మార్కుల మెమో లేదా జనన ధ్రువపత్రం నకలు ఫైలులో మొదటి కాగితంగా పెట్టాలి. వయసు చాలని పెళ్లి గురించి తెలిసినవారు 1098 నంబరుకు సమాచారం ఇవ్వవచ్చు. పేరు, ఇంటి పేరు, పుట్టిన తేదీ ఆధార్‌లో ఒక రకంగా, మెమోలో మరో రకంగా ఉంటే పెళ్లికి ముందే సరిచేయించుకోవాలి. తరువాత ప్రతి కార్యాలయంలోనూ అదే అడ్డంకిగా మారుతుంది.

తెలంగాణలో కల్యాణలక్ష్మి, షాదీ ముబారక్‌ పథకాలు 2014 అక్టోబరు 2న 51,000 రూపాయల సాయంతో మొదలయ్యాయి. 2018లో ఈ మొత్తాన్ని 1,00,116 రూపాయలకు పెంచారు. చెక్కు వధువు తల్లి పేరిట వస్తుంది. వధూవరుల ఆధార్‌ నకళ్లు, వయసు, కులం, ఆదాయ ధ్రువపత్రాలు, తల్లి బ్యాంకు పాసుపుస్తకం, శుభలేఖ, పెళ్లి ఫొటో వంటివి జత చేయాలి. ఆదాయ పరిమితి, గడువు వంటి వివరాలను దరఖాస్తు చేసే నాటికి మీసేవ కేంద్రంలో అడిగి తెలుసుకుని ఫైలులో రాసుకోవాలి. సాయం చెక్కు పెళ్లి తరువాత గాని రాదు. దానిని నమ్ముకుని పెళ్లికి ముందే అప్పు చేస్తే వడ్డీ భారం మీద పడుతుంది.

పెళ్లి నమోదు అందరికీ అవసరం. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2002లోనే నిర్బంధ వివాహ నమోదు చట్టం వచ్చింది. అన్ని మతాల వారి పెళ్లిళ్లనూ నమోదు చేయాలని 2006లో సుప్రీంకోర్టు రాష్ట్రాలను ఆదేశించింది. హిందూ వివాహాలను 1955 చట్టం కింద సబ్‌ రిజిస్ట్రార్‌ కార్యాలయంలో నమోదు చేస్తారు. 1954 నాటి ప్రత్యేక వివాహ చట్టం కింద పెళ్లి చేసుకునేవారు మాత్రం 30 రోజుల ముందు నోటీసు ఇవ్వాలి. శుభలేఖలు రెండు, పెళ్లి ఫొటోలు, ఇద్దరి పాస్‌పోర్టు సైజు ఫొటోలు, చిరునామా, వయసు ఆధారాలు, సాక్షుల గుర్తింపు కార్డుల నకళ్లు ఒకే కవరులో సిద్ధం చేసుకుంటే పని తేలికవుతుంది. పాస్‌పోర్టులో జీవిత భాగస్వామి పేరు చేర్చడానికీ, విదేశాల్లో ఉన్న భర్త దగ్గరకు వెళ్లే వీసాకూ, పింఛను, బీమా, వారసత్వ వ్యవహారాలకూ ఈ ధ్రువపత్రం ఉపకరిస్తుంది.

పెళ్లి రోజున ఒక్క కాగితం

ముహూర్తం నాడు ఫైలు మొత్తం పందిరిలో తిప్పకూడదు. గంటల వారీగా పనులు, ఫోన్‌ నంబర్లు, చెల్లించాల్సిన బాకీలతో ఒక్క పేజీ రాసి, నాలుగు నకళ్లు తీయించి, బాధ్యత తీసుకున్న నలుగురి చేతిలో పెట్టాలి. బాకీల సొమ్మును పేర్లు రాసిన కవర్లలో విడివిడిగా ఉంచి నమ్మకమైన ఒకరికి అప్పగించాలి. కవరు ఇచ్చినప్పుడు సంతకం తీసుకోవడం మరవరాదు. అసలు ఫైలు ఇంట్లో బీరువాలో తాళం వేసి ఉండాలి.

పెళ్లి హడావుడి తగ్గిన వారం లోపు మిగిలిన పని పూర్తి చేయాలి. నాలుగో గడిలోని బాకీలు సున్నా చేయడం, టెంట్‌హౌస్‌ సామాను అప్పగింత, కానుకల జాబితాపై సంతకాలు, నమోదు దరఖాస్తు.. ఈ నాలుగూ అయ్యాక ఫైలును రెండుగా విడదీయవచ్చు. బంగారం, కానుకలు, పత్రాల భాగాలు కొత్త కోడలితో పాటు వెళ్లాలి. వాటి నకళ్లు పుట్టింట్లో ఉండాలి. ఖర్చు, అతిథులు, ఒప్పందాలు, ఆచారాల భాగాలు పుట్టింట్లోనే ఉంటాయి. ఆ ఇంట చెల్లెలి పెళ్లి వచ్చిననాడు ఏ వంట మాస్టరు మాట నిలబెట్టుకున్నాడో, ఏ ఊరి బంధువులను పిలవడం మరిచారో, అక్క పెళ్లి అప్పు ఎన్నేళ్లకు తీరిందో ఆ పేజీలే చెబుతాయి.